బైనారల్ బీట్స్ ఇంట్లో కంప్యూటర్‌లోనే ఎలా చేసుకోవాలి, సరిగ్గా వచ్చాయో లేదో ఎలా తేల్చుకోవాలి

“నిద్రకి ఏదైనా మంచి బైనారల్ ఫైలు ఉంటే పంపండి” అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కో చెవికి కొద్ది తేడాతో ఒక్కో స్వరం వినిపించే ఫైలు అది. ఇంకొందరు “మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, చదువు మీద ధ్యాస నిలవడానికి ఏదో సౌండ్ ఉందట కదా” అంటారు. ఫైలు పంపడం కన్నా చేసుకునే పద్ధతి చెప్పడమే నయమనిపించింది. దీనికి పైసా ఖర్చు లేదు. ఒకసారి చేయి తిరిగితే అరగంట పని. పైగా పది గ్రూపులు తిరిగి మీ ఫోన్‌లోకి వచ్చిన ఫైలులో అసలు సరుకు మిగిలి ఉందో లేదో మీకు తెలియదు. మీరే చేసుకుని పరీక్షించుకుంటే తెలుస్తుంది.

పరీక్ష మాట ముందే ఎందుకెత్తానంటే, నేను మొదటిసారి చేసిన అరగంట ఫైలు మా ఇంటి గ్రూపులో పెట్టాను. మర్నాడే మా పిన్ని “ఎన్నాళ్లకో ఒళ్లెరగని నిద్ర పట్టిందిరా” అంది. వారం తర్వాత అదే ఫైలు తెరిచి చూస్తే అది మోనో! ఎడమ, కుడి రెండూ కలిసిపోయి ఉన్నాయి. బైనారల్ అన్నదే అందులో లేదు. పిన్నికి నిద్ర పట్టిన మాట నిజమే, పట్టించింది మాత్రం నేను చేసిన బీటు కాదు. అప్పటి నుంచి “వింటే హాయిగా ఉంది” అనే మాటను నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. కింద దశల కన్నా పరీక్షల గురించి ఎక్కువ రాయడానికి కారణం అదే.

ముందు రెండు ముక్కలు

ఇంటర్ ఫిజిక్సులో తరంగాల పాఠం గుర్తుందా? కొంచెం తేడా ఉన్న రెండు శ్రుతిదండాలను ఒకేసారి మోగిస్తే శబ్దం పెరుగుతూ తగ్గుతూ అలలా వినిపిస్తుంది. దాన్నే విస్పందనాలు అని చదువుకున్నాం. తంబూరా శ్రుతి చేసేవాళ్లు ఆ అల ఆగేదాకా తీగ బిగిస్తారు. అది గాలిలో జరిగే కలయిక. ఒక్క చెవితో విన్నా వినిపిస్తుంది.

బైనారల్ సంగతి వేరు. ఎడమ చెవికి ఒక స్వరం, కుడి చెవికి దానికన్నా కొద్దిగా ఎక్కువ స్వరం విడివిడిగా వెళ్లాలి. గాలిలో గానీ, తీగలో గానీ, ఫైలులో గానీ అవి ఎక్కడా కలవకూడదు. కలిసేది మెదడులోనే. 220 హెర్ట్జ్ (అంటే సెకనుకు 220 అలలు) ఒక చెవికి, 230 ఇంకో చెవికి ఇస్తే సెకనుకు 10 సార్లు సన్నగా కొట్టుకుంటున్నట్టు తోస్తుంది. దీన్ని 19వ శతాబ్దంలోనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్రిష్ విల్‌హెల్మ్ డోవ్ గమనించాడు. 1973లో జెరాల్డ్ ఓస్టర్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంతో జనానికి బాగా తెలిసింది. అంతకుమించి సిద్ధాంతం మన పనికి అక్కర్లేదు.

ఇది మందు కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. బీటు వినిపించినంత మాత్రాన మెదడు తరంగాలు కూడా దాని వెంట నడుస్తాయా అన్న విషయం మీద 2023లో ఒక సమీక్ష వచ్చింది. అందులో చూసిన 14 అధ్యయనాల్లో 5 ఔనన్నాయి, 8 కాదన్నాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది. పరిస్థితి అదీ. నిద్ర మాత్రలు మానేసి ఇది వినండి అని ఎవరైనా చెబితే వినకండి. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. బండి నడుపుతూ ఎవరూ వినొద్దు.

ఏమేం కావాలి

- ఓ మోస్తరు కంప్యూటరు చాలు. పాత ల్యాప్‌టాప్ అయినా ఫర్వాలేదు.
- ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్, శబ్దాలను తయారుచేసి సరిదిద్దుకోడానికి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. వెతికితే ముందు కనిపించే ప్రకటనల లింకుల జోలికి పోవద్దు. కింద నేను చెప్పే మెనూ పేర్లు 3 తో మొదలయ్యే వెర్షన్లవి. వేరే వెర్షన్‌లో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.
- తీగ ఉన్న హెడ్‌ఫోన్లు. రెండు వందల రూపాయల ఇయర్‌ఫోన్లయినా సరే, రెండు వైపులా పనిచేస్తే చాలు. బ్లూటూత్ గురించి కింద చెబుతాను.
- 2 జీబీ దాకా ఖాళీ జాగా. పని మధ్యలో ఆడాసిటీ జాగా బాగానే తింటుంది.

మైక్ అక్కర్లేదు. “రికార్డ్ చేయడం” అనగానే కొందరు స్పీకర్లో టోన్ వాయించి ఫోన్‌తో రికార్డు చేస్తున్నారు. అలా చేస్తే రెండు స్వరాలూ గదిలోనే కలిసిపోతాయి. ఇక్కడ స్వరాలను కంప్యూటరే పుట్టిస్తుంది, నేరుగా ఫైలులోకే రాస్తుంది.

అంకెలు ఎంచుకోవడం

రెండు అంకెలు కావాలి: ఒకటి మూల స్వరం, రెండోది తేడా.

మూల స్వరం మరీ ఎక్కువైతే బీటు వినిపించదు. 1000 హెర్ట్జ్ దాటితే దాదాపు మాయమవుతుంది. ఓస్టర్ లెక్కలో 440 దగ్గర బాగా తెలుస్తుంది, కానీ అరగంట సేపు 440 వినడం ఓర్పుకి పరీక్షే. 150 నుంచి 300 మధ్య చెవికి మెత్తగా ఉంటుంది. నేను 220 తీసుకుంటాను. పాడేవాళ్ల భాషలో చెప్పాలంటే 6 శ్రుతి.

గుండ్రటి అంకె కదా అని చాలామంది 200 పెడతారు. నేను వద్దంటాను. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ సరిగా లేని ఇళ్లలో ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే హెడ్‌ఫోన్లలో వచ్చే ‘గుయ్’ శబ్దంలో 50, 100, 150, 200 అన్నీ ఉంటాయి. ఆ 200 రెండు చెవుల్లోకీ వస్తుంది. కుడి చెవిలో మీరు పెట్టిన 210 తో అది అక్కడే కలిసి మామూలు విస్పందనం పుట్టిస్తుంది. మీరేమో బైనారల్ బ్రహ్మాండంగా వినిపిస్తోందనుకుంటారు. 50 గుణిజాలకు దూరంగా ఉంటే ఈ గొడవ లేదు.

తేడా 30 లోపే ఉండాలి. అది దాటితే బీటు పోయి రెండు వేర్వేరు స్వరాలుగా విడిపోతాయి. మెదడు తరంగాలకు పెట్టిన పేర్లను బట్టి జనం ఇలా వాడుతుంటారు: గాఢనిద్రకి 4 లోపు, మగతకి 4 నుంచి 8, ప్రశాంతంగా కూర్చోడానికి 8 నుంచి 13, చురుకుదనానికి 13 నుంచి 30. పైన చెప్పిన సమీక్ష చదివాక ఈ పట్టికను నేను పంచాంగంలా పట్టుకోను. మొదటిసారి చేసేవాళ్లు 10 తీసుకోండి. లెక్కపెట్టడం తేలిక.

చేసే పద్ధతి

1. ఆడాసిటీ తెరిచి ట్రాక్స్ మెనూలో యాడ్ న్యూ, అందులో మోనో ట్రాక్ నొక్కండి. స్టీరియో ట్రాక్ కాదు. స్టీరియో ట్రాక్‌లో టోన్ పుట్టిస్తే రెండు వైపులా ఒకే స్వరం పడుతుంది.

2. జనరేట్ మెనూలో టోన్ నొక్కండి. వేవ్‌ఫామ్ దగ్గర సైన్, ఫ్రీక్వెన్సీ 220, ఆంప్లిట్యూడ్ 0.2 పెట్టండి. మామూలుగా అక్కడ 0.8 ఉంటుంది. హెడ్‌ఫోన్లలో అది చెవులు చిల్లులు పడేంత శబ్దం, తప్పకుండా తగ్గించండి. డ్యురేషన్ దగ్గర 30 నిమిషాలు ఇవ్వండి. ఈ గడిలో గంటలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా ఉంటాయి. 30 ని సెకన్ల చోట కొట్టి “అరనిమిషమే వచ్చింది” అనేవాళ్లు బోలెడుమంది. మొదటి ప్రయత్నానికి మాత్రం 2 నిమిషాలే చేయండి. అన్ని పరీక్షలూ అయ్యాక 30 నిమిషాలది చేసుకోవచ్చు.

3. మళ్లీ ట్రాక్స్, యాడ్ న్యూ, మోనో ట్రాక్. ఈ దశను మాత్రం వదిలేయకండి. మొదటి టోన్ పుట్టగానే అది సెలెక్ట్ అయ్యే ఉంటుంది. ఆ స్థితిలో రెండో టోన్ పుట్టిస్తే మొదటిదాన్ని చెరిపేసి దాని చోట్లో కూర్చుంటుంది. 220 పోయి 230 ఒక్కటే మిగులుతుంది. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం దీని గురించే. అలా జరిగితే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కి వెనక్కి రండి.

4. కొత్త ట్రాక్ ఎంపికై ఉండగా జనరేట్, టోన్. ఈసారి ఫ్రీక్వెన్సీ 230. ఆంప్లిట్యూడ్ అదే 0.2. నిడివి మొదటిదానితో సమానంగా ఉందో లేదో చూసుకోండి.

5. ఇప్పుడు ప్యానింగ్, అంటే ఏ స్వరం ఏ చెవికి వెళ్లాలో పంచడం. ప్రతి ట్రాక్‌కి ఎడమ వైపున్న పలకలో ఎల్, ఆర్ అని రాసిన చిన్న జారుడు మీట ఉంటుంది. పై ట్రాక్‌ది పూర్తిగా ఎడమకి, కింది ట్రాక్‌ది పూర్తిగా కుడికి లాగండి. 100 శాతం దాకా వెళ్లాలి. 90 దగ్గర ఆగితే 220 కొంత కుడివైపుకి కారుతుంది. మౌస్‌తో కుదరకపోతే ఆ మీట మీద రెండుసార్లు నొక్కితే అంకె కొట్టడానికి చిన్న కిటికీ వస్తుంది.

6. హెడ్‌ఫోన్లు ఇంకా పెట్టుకోకండి. ముందు సౌండ్ బాగా తగ్గించి, చెవికి దూరంగా పట్టుకుని ప్లే చేయండి. తర్వాత పెట్టుకుని నెమ్మదిగా పెంచుకోండి.

7. మొదట్లో ‘టక్’మనకుండా ఫేడ్ ఇవ్వాలి, అంటే శబ్దం నెమ్మదిగా పెరిగేలా చేయాలి. కంట్రోల్, ఎ నొక్కి అన్నీ ఎంచుకుని, కిందున్న సెలెక్షన్ గడుల్లో 0 నుంచి 10 సెకన్ల దాకా మార్చండి. ఎఫెక్ట్ మెనూలో ఫేడింగ్, అందులో ఫేడ్ ఇన్. చివరి 20 సెకన్లకి ఇలాగే ఫేడ్ అవుట్. నిద్ర కోసమైతే చివర రెండు మూడు నిమిషాలు పెట్టుకోండి. శబ్దం హఠాత్తుగా ఆగితే దానికే మెలకువ వస్తుంది.

8. వెనకాల వాన శబ్దమో, జోరీగలాంటి హోరో కావాలంటే ఇంకో మోనో ట్రాక్ పెట్టి జనరేట్, నాయిస్. అక్కడున్న మూడింటిలో వైట్ చెవికి గరుకు, పింక్ వానలా ఉంటుంది, బ్రౌనియన్ దూరాన ఏటి హోరులా ఉంటుంది. ఆంప్లిట్యూడ్ 0.1. దీన్ని ప్యాన్ చేయొద్దు, మధ్యలోనే ఉండనివ్వండి. ఒక వైపు టోన్ 0.2, దానికి తోడు నాయిస్ 0.1 కలిస్తే 0.3. హద్దు 1, కాబట్టి శబ్దం పగలదు. టోన్‌ని 0.8 దగ్గరే వదిలేసి పైన నాయిస్ 0.5 పెట్టినవాళ్ల ఫైళ్లలో వినిపించే కరకర అందుకే.

తంబూరా కలపొచ్చా అని అడుగుతారు. నేను కలపను. తంబూరా అందమే దాని అనుస్వరాల్లో, అంటే మూల స్వరంతో పాటు మోగే పై స్వరాల్లో ఉంది. వాటిలో ఏదో ఒకటి 220 కో 230 కో దగ్గరగా పడి చెవిలోనే కొట్టుకుంటుంది. నిజం వాన రికార్డు చేసి కలుపుకోవచ్చు. రేకుల మీద పడే వాన ఫోన్‌తో రికార్డు చేసినా బాగుంటుంది, కాకపోతే ఫ్యాన్ ఆపి చేయండి.

9. ముందు ప్రాజెక్టు సేవ్ చేసుకోండి. క్లౌడా, కంప్యూటరా అని అడిగితే కంప్యూటరే. ఏయూపీ3 అనే ఫైలు వస్తుంది. ఇది ఆడాసిటీకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. “ఫోన్‌లో తెరుచుకోవట్లేదు” అనేవాళ్లు చాలాసార్లు దీన్నే ఫోన్‌లోకి ఎక్కించి ఉంటారు.

10. వినే ఫైలు కోసం ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఆడియో. ఛానెల్స్ దగ్గర స్టీరియో ఉందా? మళ్లీ చూడండి. నేను పిన్నికి పంపిన ఫైలు చెడింది సరిగ్గా ఇక్కడే. వేవ్ ఫైలుగా తీస్తే అరగంటకి 300 ఎంబీ పైనే అవుతుంది. ఫ్లాక్ దానికన్నా చిన్నది, నాణ్యత పోదు. ఎంపీ3 కావాలంటే బిట్‌రేట్ 192 కేబీపీఎస్ కి తగ్గొద్దు. అరగంటకి 43 ఎంబీ అవుతుంది. 64, 96 లాంటి తక్కువ రేట్లలో జాగా మిగల్చడానికి రెండు వైపులనూ కలిపేసే అవకాశం ఉంది. మన సరుకంతా ఆ తేడాలోనే ఉంది మరి.

సరిగ్గా వచ్చిందా?

పరీక్షించాల్సింది ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలుని, ప్రాజెక్టుని కాదు. ఆడాసిటీలో కొత్త కిటికీ తెరిచి ఆ ఫైలుని దాంట్లోకి లాగండి. నాయిస్ కలిపితే కంటితో లెక్కపెట్టడం కష్టం, కాబట్టి మొదటి రెండు నిమిషాల ఫైలుని నాయిస్ లేకుండా చేసి ఇవి చూడండి.

ఒంటి చెవి పరీక్ష. అన్నింటికన్నా తేలికైనదీ, నమ్మదగినదీ ఇదే. రెండు చెవుల్లో పెట్టుకుని వినండి. సన్నగా కొట్టుకోవడం తెలుస్తుంది. ఇప్పుడు ఒకటి తీసేయండి. కొట్టుకోవడం వెంటనే ఆగిపోయి గీత గీసినట్టు ఒకే స్వరం మిగలాలి. అది పెట్టి రెండోది తీయండి, అప్పుడూ అంతే. ఒక్క చెవితో విన్నా అల వినిపిస్తోందంటే ఎక్కడో కలిసిపోయిందన్నమాట. బైనారల్ బీటు మామూలు విస్పందనమంత గట్టిగా కొట్టదు, మెత్తగా ఉంటుంది. బండి ఇంజనులా దడదడలాడుతుంటే సంతోషించకండి, అనుమానించండి.

కంటి పరీక్ష. ఫైలు తెరిస్తే ఒకే ట్రాక్‌లో పైన ఎడమ, కింద కుడి కనిపిస్తాయి. ఒక్కటే కనిపిస్తే మోనో, అక్కడితో కథ ముగిసింది, పదో దశకి వెళ్లండి. రెండూ ఉంటే పదోవంతు సెకను ముక్క తెరంతా పరుచుకునేదాకా జూమ్ చేయండి. పైన 22 అలలు, కింద 23 ఉండాలి. రెండింటిలోనూ ఒకే లెక్క వస్తే ఒకే టోన్ రెండు వైపులా పడింది. రెండు వరసలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉబ్బుతూ సన్నబడుతూ ఉంటే, పేరుకి స్టీరియో అయినా లోపల కలిసిపోయిన ఫైలు.

కలిపి చూసే పరీక్ష. ఇది నాకు ఇష్టమైనది. ట్రాక్స్ మెనూలో మిక్స్ కింద స్టీరియోని మోనోగా మార్చే ఆదేశం ఉంది, అది ఇవ్వండి. ఫేడ్ ఉన్న చోటు వదిలేసి, మధ్యలో ఒక సెకను తెరమీద పట్టేలా చూడండి. పూసల దండలా ఉబ్బులు వస్తాయి. లెక్కపెట్టండి. సరిగ్గా 10 ఉండాలి. 10 ఉంటే మీ తేడా 10 హెర్ట్జే. ఎనిమిదో పన్నెండో ఉంటే ఫ్రీక్వెన్సీ గడిలో అంకె తప్పు కొట్టారు. లెక్క అయ్యాక కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి రండి. ఆ మోనోని పొరపాటున సేవ్ చేసుకోవద్దు.

స్పెక్ట్రం పరీక్ష. ఫైలులో ఏయే స్వరాలు ఉన్నాయో చూపించే పటం ఇది. నాయిస్ కలిపిన ఫైలుకి ఇదే దిక్కు. రెండు మూడు సెకన్ల ముక్క ఎంచుకుని ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రం. తెరవగానే ఒకే గుట్ట కనిపించి గుండె గుభేల్‌మంటుంది. కంగారు పడొద్దు. సైజ్ దగ్గర 2048 ఉంటే, అది 21 హెర్ట్జ్‌కి ఒక్క మెట్టు చొప్పున కొలుస్తుంది. 220 కీ 230 కీ మధ్య తేడా దానికి కనపడదు. సైజ్ 65536 కి మార్చండి. మెట్టు ఒక హెర్ట్జ్ కన్నా చిన్నదవుతుంది, రెండు శిఖరాలు విడిగా నిలబడతాయి. ఏది ఏ వైపుదో తెలియాలంటే ట్రాక్ పేరు మీద నొక్కి, స్టీరియోని రెండు మోనోలుగా విడగొట్టి ఒక్కోటీ చూడండి.

కంప్యూటర్‌లో బాగుంది, ఫోన్‌లో పాడైంది

ఇది మామూలే. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఒకటి ఉంటుంది. ఒక చెవే వినపడేవాళ్ల కోసం పెట్టిన మంచి సౌకర్యం అది, కానీ ఆన్ అయి ఉంటే మన పని గోవిందా. విండోస్‌లోనూ ఉంది. అలాగే డాల్బీ, సరౌండ్, స్పేషియల్, త్రీడీ అనే పేర్లతో ఉన్నవన్నీ ఆపేయండి. విశాలంగా వినిపించడానికి అవి ఎడమ శబ్దాన్ని కొంత కుడికి, కుడిది ఎడమకి పంపుతాయి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ రెండూ పెట్టుకుని పాట వింటున్నప్పుడు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒక్కటే పెట్టుకుంటే చాలా వాటిలో రెండు వైపులనూ కలిపి ఆ ఒక్కదానికే పంపిస్తుంది. కంప్యూటర్‌లో ఏదైనా మీటింగ్ యాప్ మైక్ పట్టుకుని ఉంటే బడ్స్ ఫోన్ కాల్ పద్ధతిలోకి మారి మోనో అయిపోతాయి. అంచేత పరీక్షలన్నీ తీగ హెడ్‌ఫోన్లతోనే చేయమంటాను. తీగవాటిలోనూ ఒక తిరకాసు ఉంది. జాక్ సగమే దూరితే శబ్దం వింతగా కలుస్తుంది. టక్‌మనేదాకా నొక్కండి.

వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. వాయిస్ మెసేజ్‌లా రికార్డు చేసి పంపితే ఏమీ మిగలదు. అవతలివాళ్లకి ఒంటి చెవి పరీక్ష కూడా చెప్పండి. స్పీకర్లో పెట్టుకుని వింటే ఏం వినాలో కూడా చెప్పండి: ఏమీ వినక్కర్లేదు, ఎందుకంటే అది బైనారల్ కాదు. గదిలో స్పీకర్లోనే వినాలనుకునేవాళ్లు రెండు స్వరాలనూ కావాలనే మోనోలో కలిపి ఫైలు చేసుకోవచ్చు. దాన్ని మోనారల్ బీట్స్ అంటారు. అల ఇంకా స్పష్టంగా ఉంటుంది, హెడ్‌ఫోన్లు అక్కర్లేదు. నిజం చెప్పాలంటే చెవుల్లో ఏదైనా పెట్టుకుంటే నిద్ర పట్టనివాళ్లకి ఇదే మేలు.

చేయి తిరిగాక: తేడాని నెమ్మదిగా తగ్గించడం

10 దగ్గర మొదలుపెట్టి 4 కి దిగాలంటే ఎడమని కదపకుండా కుడిని దించితే సరిపోతుంది. ఎడమ ట్రాక్ 220, 30 నిమిషాలు. కుడి ట్రాక్‌లో మొదటి 5 నిమిషాలు 230 టోన్. దాని చివర కర్సర్ పెట్టి జనరేట్‌లో చర్ప్ నొక్కండి, స్వరాన్ని ఒక అంకె నుంచి ఇంకో అంకెకి జార్చేది అదే: సైన్, మొదలు 230, చివర 224, ఆంప్లిట్యూడ్ రెండు చోట్లా 0.2, లీనియర్, 10 నిమిషాలు. చర్ప్‌లో మొదలు, చివర ఆంప్లిట్యూడ్‌లు వేర్వేరుగా ఉంటాయి, రెండూ సరి చేయకపోతే ఒక చెవిలో శబ్దం మారుతూ పోతుంది. ఆ తర్వాత 224 టోన్ 15 నిమిషాలు.

అతుకుల దగ్గర ‘టిక్’మనే ప్రమాదం ఉంది. అల మధ్యలో తెగి, కొత్తది సున్నా దగ్గర మొదలైతే ఆ చప్పుడు వస్తుంది. చర్ప్‌కి నేనిచ్చిన 230, 224 ల సరాసరి 227, సెకన్లు 600, గుణిస్తే 1,36,200. పూర్ణసంఖ్య కాబట్టి అల దాదాపు సున్నా దగ్గరే ముగుస్తుంది. మీ సొంత అంకెలు పెట్టుకున్నా ఇలా సరిచూసుకోండి. అయినా టిక్‌మంటే అతుకు దగ్గర బాగా జూమ్ చేసి, 128 శాంపిళ్లకు (బాగా జూమ్ చేస్తే కనిపించే చుక్కలు) మించకుండా ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో రిపేర్ వాడండి.

ఇంత తంటా ఎందుకనుకునేవాళ్లకి గ్నారల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రత్యేకంగా ఈ పని కోసమే చేసింది. గీతలు లాగితే తేడా దానంతటదే మారుతుంది. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది. దాంట్లోంచి వచ్చిన ఫైలుకైనా పరీక్షలు ఇవే.

మీ గొంతు కలపాలంటే

“నెమ్మదిగా ఊపిరి తీసుకోండి” లాంటి మాటలు కలుపుకోవాలంటే కొత్త మోనో ట్రాక్ మీద రికార్డు చేయండి. ఆ సమయంలో టోన్ స్పీకర్లో మోగకూడదు, మైక్‌లోకి దూరి రెండు వైపులా పడుతుంది. టోన్ ట్రాక్‌లను మ్యూట్ చేయడం ఇంకా మంచిది. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే కరెంటు గుయ్ చాలావరకు పోతుంది. గొంతు ట్రాక్‌ని మధ్యలోనే ఉంచండి, ప్యాన్ చేయొద్దు. మాట్లాడుతున్నప్పుడు మీటర్ ఎరుపు దాకా వెళ్లకుండా చూసుకోండి. టోన్ మాటలకి అడ్డొస్తే టోన్‌నే తగ్గించండి. 0.1 చాలు.

ఎంత సౌండ్‌తో వినాలి

పక్కనున్న మనిషి మామూలుగా పిలిస్తే వినపడాలి. అంతకన్నా పెంచితే బీటు బలపడదు, చెవులు పాడవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. ఒకే స్వరం గంటలకొద్దీ మోగుతుంటే అలవాటైపోయి తగ్గినట్టు అనిపిస్తుంది, చేయి తెలియకుండానే వాల్యూమ్ మీదకి పోతుంది. పెట్టినచోటే వదిలేయండి.

ఫైలుని రాత్రంతా మళ్లీ మళ్లీ మోగించాలనుకునేవాళ్లు ఎంపీ3 లూప్ పెట్టుకుంటే, ప్రతి చుట్టు చివరా చిన్న ఖాళీ వస్తుంది. ఎంపీ3 మొదట, చివర కాస్త నిశ్శబ్దం చేరుతుంది, అది ఆ ఫార్మాట్ తీరు. లూప్ కోసం ఫేడ్ లేకుండా, సరిగ్గా 60 సెకన్ల ముక్కని వేవ్‌గా తీయండి. 220, 230 రెండూ సెకనులో పూర్తి అలలే కాబట్టి చివర, మొదలు అతుకుతాయి. 223.5 లాంటి అంకె పెట్టుకుంటే నిడివి సరిసంఖ్య సెకన్లలో ఉండాలి. ఫైలు పేరులోనే అంకెలు రాసిపెట్టుకోండి: “220-230-60సె-స్టీరియో-పరీక్షించినది”. నెల తర్వాత ఏది ఏదో మీకే గుర్తుండదు, నా దగ్గర “ఫైనల్ కొత్తది 3” అనే ఫైలు ఇంకా ఉంది, దాంట్లో ఏముందో తెలుసుకోవాలంటే మళ్లీ అలలు లెక్కపెట్టాల్సిందే.